కారప్పొడిలో నడుంనొప్పి మాత్రలు

బహ్రెయిన్‌లో తొమ్మిదేళ్లుగా కంపెనీ బస్సు నడుపుతున్నాను. మా క్యాంపు అస్కర్ దగ్గర. పొద్దున ఇరవై నాలుగు మందిని ఎక్కించుకుని సైటులో దింపాలి, సాయంత్రం మళ్లీ క్యాంపుకు చేర్చాలి. ఇన్నేళ్లలో ఒక్క చుక్క ముట్టలేదు. మంచివాణ్ణని కాదు, పిరికివాణ్ణని. తాగి బండి నడుపుతూ దొరికితే ఇక్కడ జైలుంది, జరిమానా ఉంది, లైసెన్సు పోతుంది, శిక్ష అయ్యాక విమానమెక్కించి పంపేసినా పంపేస్తారు. ఇవన్నీ నాకు కంఠతా వచ్చు. నాకు వచ్చినవి పక్కవాళ్లకు చెప్పకుండా ఉండలేకపోవడం నా జబ్బు.

శనివారం పొద్దున బస్సెక్కే మొహాలు చూస్తే ఎవరి శుక్రవారం సెలవు ఎలా గడిచిందో తెలిసిపోతుంది. కళ్లు ఎర్రబడినవాణ్ణి పిలిచి ముందు సీట్లో కూర్చోబెట్టి, తాగి నడిపితే ఏమవుతుంది, గంజాయి దగ్గరుంటే ఏమవుతుంది, అమ్మితే ఏమవుతుంది అని సైటు వచ్చేదాకా చెప్పేవాణ్ణి. పాపం వాడికి బండి లేదు, లైసెన్సు లేదు, గంజాయి మొహమే ఎరగడు. అయినా వినాల్సిందే, తలుపు మీట నా చేతిలో ఉంది కదా.

"మా బావ పోలీసోళ్లకంటె ముందుగాలనే శిక్షేస్తడు," అనేవాడు మా బామ్మర్ది వెనక సీట్లోంచి. బస్సంతా నవ్వేది.

బామ్మర్ది అంటే నా భార్య చిన్నాన్న కొడుకు. జగిత్యాల వైపు మా ఊళ్లు పక్కపక్కనే. మా కంపెనీలోనే పైపులెత్తే పని, మా గదిలోనే నా కింది మంచం. మూడేళ్ల కింద ఒక పైపు ఎత్తుతుంటే నడుం పట్టేసింది. అప్పుడే సెలవుకు వెళ్తే ఊళ్లో మెడికల్ షాపతను ఏవో మాత్రలిచ్చాడట, అవి పడితే లేచి నిలబడ్డాడు. అప్పట్నుంచి పొద్దున రెండు, మధ్యాహ్నం రెండు. ఎవరు సెలవుకు వెళ్లినా అతనికి మాత్రలు రావాలి. డాక్టరు చీటీ అన్నది ఎవరూ అడగలేదు, మా ఊళ్లో నొప్పికి చీటీ ఎందుకు?

పోయిన ఏడాది నా సెలవు వచ్చింది. మా ఊళ్లలో గల్ఫ్ మొత్తాన్నీ దుబాయి అనే అంటారు. దుబాయి నుంచి ఎవరైనా సెలవుకు వచ్చాడంటే, తిరిగి బయల్దేరే వారం ముందునుంచీ క్యాంపులో ఉన్నవాళ్ల ఇళ్ల నుంచి మూటలు వస్తాయి. నా దగ్గర ఇంటికి కిలో లెక్క. కొక్కేనికి తగిలించి తూచే కాటా ఒకటి దూలానికి వేలాడదీసి, కిలో దాటితే తీసేస్తానని మొహం మీదే చెప్పేస్తాను. అందుకని ఆడవాళ్లు బరువు తగ్గించే ఉపాయాలన్నీ చేస్తారు. సబ్బులకు కాగితాలు ఒలిచేస్తారు. తొక్కు సీసాలోంచి తీసి కవర్లో కడతారు. మాత్రల షీట్లు చించి, మాత్రలు ఒక్కొక్కటీ నొక్కి బయటికి తీసి పొట్లం కడతారు. ఆ రేకు బరువెంతని అడిగితే, ఆ బరువుకు నాలుగు సకినాలు ఎక్కువ పడతాయంటారు.

నేను అనుమానపు మనిషిని. ఎవరి మూటైనా వాళ్ల ముందే విప్పించి, వేలు పెట్టి కలిపి చూస్తాను. ముసలమ్మలు తిట్టుకుంటారు, తిట్టుకోనీ అనుకుంటాను. ఒక్క మూట మాత్రం విప్పలేదు. అది మా బామ్మర్ది భార్యది. నాకు వరసకు చెల్లెలు. తెల్లటి గుడ్డలో కారప్పొడి పోసి, అంచులు చక్కగా కుట్టి తెచ్చింది.

"కారప్పొడి అన్నా. ఆయినకు మెస్సుల కూర సప్పగుంటదట," అంది.

వాకిట్లో నలుగురు కూర్చుని ఉన్నారు. అందరి ముందూ ఆ కుట్టు విప్పితే ఆడపిల్లను దొంగను చేసినట్టే. తూచాను, కిలోకు ఇంకా కాస్త తక్కువే ఉంది. సూట్‌కేసులో పెట్టేశాను.

ఇక్కడి విమానాశ్రయంలో కస్టమ్స్ ఆయన నా సూట్‌కేసు పక్కకు లాగించి తెరవమన్నాడు. తొక్కులు చూశాడు, సకినాలు చూశాడు, ఆ గుడ్డమూటను బొటనవేలితో నొక్కి ఏమిటని అడిగాడు. కారం అన్నాను. ముక్కు దగ్గరికి తీసుకెళ్లాడు. ఒకటే తుమ్ములు. నాలుగో తుమ్ముకు "యల్లా, యల్లా" అని, ఇక పొమ్మన్నట్టు చెయ్యి ఊపాడు. ఈ కథ నేను బస్సులో ఎన్ని రోజులు చెప్పానో, ఎన్నిసార్లు తుమ్మి చూపించానో లెక్కలేదు.

ఆ సాయంత్రమే గదిలో బామ్మర్ది మూట కుట్లు విప్పి, కారంలోకి చెయ్యి పెట్టి, మధ్యలోంచి ఒక ప్లాస్టిక్ పొట్లం లాగాడు. నిండా తెల్లటి మాత్రలు. షీట్లోంచి తీస్తే చెమ్మ తగిలి మెత్తబడతాయని, మూట కింద పడితే నలిగిపోతాయని, ఆమె వాటిని కారం మధ్యలో పెట్టింది. ఎంత తెలివైన ఇల్లాలని నేనే మెచ్చుకున్నాను. బస్సు స్టీరింగుతో నాకెప్పుడూ మెడనొప్పి. "ఒకటేస్కో బావ," అని ఇచ్చాడు. మర్నాడు పొద్దున టీతో వేసుకున్నాను. మెడ తేలికైంది, ఒళ్లూ తేలికైంది, అందరూ మంచివాళ్లలా కనబడ్డారు. ఆ తేలికదనంతోనే ఇరవై నాలుగు మందిని హైవే మీద తీసుకెళ్లాను.

నెల తిరక్కముందే ఫోన్లలో ఒక వార్త వచ్చింది. వేరే క్యాంపులో ఉండే మన వైపు మనిషి ఒకతను సెలవు నుంచి తిరిగొస్తుంటే, విమానాశ్రయంలో బ్యాగులో మాత్రలు దొరికాయట. తీసుకెళ్లారట. ఇంట్లోవాళ్లకు ఎక్కడున్నాడో వారం దాకా తెలియలేదట. ఎవరో ఏడుస్తూ పెట్టిన వాయిస్ మెసేజ్ బస్సులో సీటు సీటుకూ మోగింది.

"గోలీలకు గూడ జైలా అన్నా?" అని అడిగాడొకడు. చట్టం నా దగ్గరే కదా అడుగుతారు.

"చీటీ ఉండాలె. చీటీ ఉంటే ఏం గాదు," అన్నాను గట్టిగా, రోడ్డు మీంచి కళ్లు తిప్పకుండా. అంటుండగానే ఎవరి చీటీ అని నాలోపల ఎవరో అడిగారు. వెనక అద్దంలో చూశాను. బామ్మర్ది చొక్కా జేబులోంచి చిన్న పొట్లం తీసి, పక్క సీటతనికి ఒక మాత్ర ఇస్తున్నాడు. అతనికీ నడుంనొప్పే. నా కాలు బ్రేకు మీద పడింది. ఎవరూ అడ్డం రాలేదు, కుక్క వచ్చిందని అబద్ధం చెప్పాను.

శుక్రవారం మధ్యాహ్నాలు మా క్యాంపు మెస్సుకు తెలుగు క్రైస్తవ సహవాసం వాళ్లు వస్తారు. ప్రార్థన చేసి, పాటలు పాడి, తర్వాత అందరికీ బీపీ చూస్తారు. ప్రార్థనకు పదిమంది ఉంటే బీపీకి వరస బయటిదాకా ఉంటుంది, అందులో బొట్లు పెట్టుకున్నవాళ్లే ఎక్కువ. బీపీ చూసేది గోదావరి జిల్లా ఆమె. ఇల్లు బుసైతీన్‌లో, జిదాఫ్స్‌లో ఒక క్లినిక్‌లో నర్సు. అందరూ సిస్టరమ్మ అంటారు. ఆ శుక్రవారం వరసలో చివరికి నిలబడ్డాను. నా చేతికి పట్టీ చుట్టి, గాలి కొట్టి, అంకె చూసి మళ్లీ కొట్టింది.

"ఇంతుందేమిటి బ్రదర్? నిద్ర పట్టట్లేదా?"

కాగితంలో చుట్టిన మాత్ర తీసి ఆమె ముందు పెట్టాను. బామ్మర్ది పొట్లంలోంచి అడక్కుండా తీసింది. అది ఏ మందో చెప్పమన్నాను. ఆమె మాత్రను గోటితో అటూ ఇటూ తిప్పి, వెలుతురుకు పెట్టి చూసి, మళ్లీ కాగితంలో పెట్టి నావైపు జరిపింది. ముట్టుకున్న వేళ్లను చీర కొంగుకు తుడుచుకుంది.

"షీటు లేకుండా ఖాయంగా చెప్పలేనండి. కానీ ఈ గీత, ఈ అచ్చు చూస్తుంటే ఘాటైన నొప్పిమాత్రే అనిపిస్తోంది. చీటీ లేకుండా ఇది ఇక్కడ దగ్గరుంచుకోకూడదు. మత్తుమందుల కిందికొస్తుంది. మా క్లినిక్‌లో ఇలాంటివి తాళం వేసిన అలమరలో పెడతాం."

"ఉంచుకుంటే ఏమైతది సిస్టరమ్మా?"

"దగ్గర దొరికితే జైలండి. ఇంకొకళ్లకి ఇస్తే అది వేరే కేసు. దేశంలోకి తెచ్చినట్టు తేలితే మాత్రం అన్నిటికన్నా పెద్దది, ఏళ్లకేళ్లు. నేను నర్సుని, లాయర్ని కాదు, కానీ ఆ సంగతి ఇక్కడ అందరికీ తెలుసు. తెలియక తెచ్చానంటే వింటారో లేదో నాకు తెలీదు."

తెచ్చింది నేనే. ఆమె దృష్టిలో అప్పటికింకా ఎవరో ఒకరు, నా దృష్టిలో నేనే. మెస్సులో ఫ్యాన్లు తిరుగుతున్నాయి, నా వీపు తడిసిపోయింది. కారప్పొడి మధ్యలో దాచి తెచ్చానని కాగితం మీద రాస్తే అది ఎలా కనబడుతుంది? చెమ్మ తగలకుండా పెట్టిందని ఏ జడ్జికి చెబుతాను? కస్టమ్స్ ఆయన బొటనవేలు మూట మీద నొక్కిన చోటు గుర్తొచ్చింది.

"వాడేదెవరో నేనడగను," అంది ఆమె గొంతు తగ్గించి. "కానీ చాలా రోజుల్నుంచి వాడుతుంటే ఒక్కసారిగా ఆపనివ్వకండి. ఫిట్స్ వస్తాయి. డాక్టరుకు చూపించమనండి. ఏం వేసుకుంటున్నాడో, ఎన్ని వేసుకుంటున్నాడో డాక్టరుకు నిజం చెప్పమనండి."

తల ఊపాను. నిజం చెప్పాలంటే, ఆమె చెప్పినదాంట్లో జైలు దాకానే నేను విన్నది. మిగతాది చెవిలో పడింది, పడి అక్కడే ఉండిపోయింది.

అక్కణ్నుంచి నేరుగా గదికి వెళ్లాను. బామ్మర్ది బట్టలుతుకుతున్నాడు. అతని దిండు కింద పొట్లం తీసుకుని బాత్రూంలో గడియ పెట్టుకుని మాత్రలన్నీ లెట్రిన్ గుంటలో పోశాను. నీళ్లు వదిలితే సగం పోయాయి, సగం తెల్లగా పైకి తేలి అక్కడే తిరుగుతున్నాయి. బయట ఎవరో తలుపు తడుతున్నారు. బకెట్ల మీద బకెట్లు కుమ్మరించాను. చేతులు కడుక్కున్నాక కూడా వేళ్ల సందుల్లో పొడి ఉందేమోనని వాసన చూసుకున్నాను.

అతనికి చెప్పినప్పుడు మొదట నవ్వాడు, ఎగతాళి అనుకుని. దిండు ఎత్తి చూశాక నవ్వలేదు.

"నా నడుము నువ్వు మోస్తవా బావ?" అన్నాడు.

"జైల్ల కూసుంటే నడుముకు మస్తు ఆరాం ఉంటది, పోతవా?" అన్నాను. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది. రెండు రోజులు నొప్పి ఉంటుంది, తర్వాత అలవాటవుతుంది అని చెప్పాను. ఒక్కసారిగా ఆపకూడదన్న మాట చెప్పలేదు. చెబితే అతను డాక్టరు దగ్గరికి వెళ్తాడు, డాక్టరు మాత్రలెక్కడివని అడుగుతాడు, ఇతను ఉన్నదున్నట్టు చెప్పే మనిషి. అందుకే చెప్పలేదు. మరిచిపోయానని చాలా రోజులు నాకు నేనే చెప్పుకున్నాను. మరిచిపోలేదు.

శనివారం అతను పనికి వచ్చాడు. ఆదివారం బస్సులో ఏసీ కింద కూర్చుని చెమటలు కక్కుతున్నాడు. సోమవారం పొద్దున హైవే మలుపులో పోలీసులు బండ్లు ఆపుతున్నారు. రోజూ జరిగే తనిఖీయే. లైసెన్సు ఇవ్వబోతే నా చేతిలోంచి జారి పెడల్స్ మధ్య పడింది. వంగి తీసి ఇచ్చాను. పోలీసు నా కళ్లలోకి చూసి, తాగావా అని హిందీలో అడిగి, గొట్టం ఊదమన్నాడు. ఊదాను. అందులో ఏమీ రాదని తెలుసు, మాత్ర వేసుకుని కూడా నెల దాటింది. అయినా ఆ గొట్టం నా లోపల ఉన్నదంతా బయటికి చెప్పేస్తుందనిపించింది. వెనక సీట్లో బామ్మర్ది వాంతి వస్తోందని కవరు నోటికి పెట్టుకున్నాడు. పోలీసు అటు చూశాడు. "బుఖార్ హై సాబ్," అని జ్వరం సాకు చెప్పాను. పొమ్మన్నాడు. మా బస్సులో మందు తాగని డ్రైవరున్నాడని వెనక ఎవరో గొప్పగా అన్నారు.

మంగళవారం పొద్దున బస్సు మెట్టు మీద కాలు పెట్టి అతను వెనక్కి పడిపోయాడు. కళ్లు తేలేశాడు, కాళ్లూ చేతులూ కొట్టుకుంటున్నాయి, నోట్లోంచి నురగ. తాళాల గుత్తి పెట్టండని ఒకడు, నీళ్లు చల్లండని ఒకడు. నేను మాత్రం ఏమిటో తెలిసినవాణ్ణి, ఏమీ చెయ్యకుండా నిలబడ్డాను. ఫిట్ తగ్గాక బస్సులోనే వెనక సీటు మీద పడుకోబెట్టి ఆసుపత్రికి తీసుకెళ్లాను. సూపర్‌వైజరు మిగతావాళ్లకు వేరే బండి పంపి, ఈ రోజు నీకు ట్రిప్పులు లేవు, అతని దగ్గరే ఉండు అని అందరి ముందూ చెప్పాడు.

డాక్టరు మన దేశపాయనే, భాష మాత్రం వేరు. బామ్మర్దికి వచ్చిన హిందీ అంతా ఎత్తు, దించు, పట్టుకో అనేంతవరకే. అందుకని మధ్యలో నేను నిలబడ్డాను. ఇంతకుముందు ఫిట్స్ వచ్చాయా, తాగుతాడా, ఏమైనా మాత్రలు వేసుకుంటాడా అని అడిగాడు డాక్టరు. మొదటి రెండూ తెలుగులో అడిగి, లేదని చెప్పాను. మూడోది తెలుగులో అడగనే లేదు.

"లేదు సార్, ఏం వేసుకోడు," అన్నాను హిందీలో.

డాక్టరు కలం పక్కన పెట్టాడు. "చూడు, నేను పోలీసును కాదు. ఏం వేసుకున్నాడో తెలియకుండా నేను మందు ఎక్కిస్తే ఇతనికి ప్రమాదం. మళ్లీ అడుగు."

 చెబితే ఏళ్లకేళ్లు, చెప్పకపోతే వీడు. అంత స్పష్టంగా ఎదురుగా కనిపిస్తోంది, నోరు మాత్రం విప్పలేదు. అప్పుడు మంచం మీంచి బామ్మర్దే చెయ్యెత్తాడు. కరుచుకున్న నాలుక వాచి ఉంది. డాక్టరు మాటల్లో గోలీ అన్నది ఒక్కటే పట్టుకున్నట్టున్నాడు.

"గోలీ... దర్ద్ గోలీ. మై లాయా. ఇండియా సే మై లాయా," అన్నాడు. తన ఛాతీ మీద తట్టుకుని మరీ చెప్పాడు, తానే తెచ్చుకున్నానని. తర్వాత నావైపు చూసి తెలుగులో మెల్లగా, "నువ్వేం మాట్లాడకు బావ," అన్నాడు.

"ఎప్పుడు వెళ్లొచ్చావు ఇండియాకు?" అని అడిగాడు డాక్టరు.

అది అతనికి అర్థం కాలేదు. రెండేళ్లుగా ఊరి మొహం చూడలేదని నాకు తెలుసు. నేను తర్జుమా చెయ్యలేదు. డాక్టరు ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూసి, "నువ్వెప్పుడు వెళ్లొచ్చావు?" అన్నాడు నాతో. పోయిన నెల అన్నాను. అబద్ధం ఆడదామన్నా అప్పటికి ఏదీ అందలేదు. ఆయన తలుపు వైపు చూపించాడు. బయట కూర్చో, నీతో మాట్లాడాలి, ఎక్కడికీ వెళ్లకు అన్నాడు.

బయట కుర్చీలో కూర్చున్నాను. ఇంటి ఫోటో చూద్దామని ఫోను తీసి, చూడలేక జేబులో పెట్టాను. నేను లోపలుంటే ఇంట్లోవాళ్లకు ఎవరు చెబుతారు, నా భార్య ఆ చెల్లెలి మొహం ఎలా చూస్తుంది అని ఏవేవో. ఇంతలో పెద్ద తలుపులోంచి ఒక పోలీసు వచ్చాడు. చేతిలో ఫైలుంది. కౌంటరు దగ్గర ఏదో అడిగాడు, అక్కడి అమ్మాయి మా గది ఉన్నవైపు చెయ్యి చూపించింది. నేను లేచాను. పరిగెత్తలేదు. నీళ్లు తాగడానికి వెళ్తున్నవాడిలా నడిచి, బయటికొచ్చి, బస్సెక్కి, స్టార్ట్ చేసి, క్యాంపుకు వచ్చేశాను. ఫోను ఆపేశాను. క్యాంపు వెనక బస్సు పెట్టుకుని సాయంత్రం దాకా స్టీరింగ్ ముందే కూర్చున్నాను. ఎవరైనా పట్టుకోవడానికొస్తే డ్యూటీలో ఉన్నట్టు కనబడాలని యూనిఫాం గుండీలు కూడా పెట్టుకున్నాను. అంత భయంలో మనిషికి బుద్ధి ఉండదు.

మర్నాడు రాత్రి కంపెనీ ఆఫీసతను బామ్మర్దిని కారులో దింపి వెళ్లాడు. చేతిలో ఆసుపత్రి మందుల సంచి, అందులో చీటీ. గదిలోవాళ్లందరూ చుట్టూ చేరారు. నేను నా మంచం మీంచి దిగి దగ్గరికి వెళ్లాను.

"పోలీసులు అడిగిండ్రా?" అన్నాను.

"పోలీసులెందుకు? ఒకాయన అచ్చిండు గని పక్క గదిల యాక్సిడెంటు మనిషి కోసం," అన్నాడు. "డాక్టరు గా గోలీలు రోజుకెన్ని అనే అడిగిండు. ఎన్నిసార్లు అడిగినా నాకు సమజ్ కాలె. నీ కోసం బయటికి మనిషిని తోలిండు. ఫోన్ జేసిండ్రు. ఆఖరికి ఆడ ఊడిసే అక్కను దొరికిచ్చుకొని వచ్చిండ్రు, కడప ఆమె. అప్పటిదాంక మందు ఎక్కియ్యలె. అంతట్ల ఇంకోసారి ఫిట్స్ అచ్చిందట, నాకు యాది లేదు."

 అందరూ నావైపే చూస్తున్నారు. బామ్మర్దే అన్నాడు.

"డ్యూటీ టైమైందని పోయినవ్ గదా బావ."

"అవును," అన్నాను. "రెండో ట్రిప్పుండె."

ఆ రోజు నాకు ట్రిప్పులు లేవని ఆ గదిలో అందరికీ తెలుసు, వాళ్లంతా వేరే బండిలో పనికి వెళ్లినవాళ్లే. అతనికీ ఎవరో ఒకరు ఫోన్లో చెప్పే ఉంటారు. అతను నడుం పట్టుకుని మంచం మీద గోడవైపు జరిగి, నాకు కూర్చోవడానికి చోటిచ్చాడు.